రూతమ్మ వెనక్కి తీసుకున్న చేపలు

ఫిబ్రవరి నెల, మూడో ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు. సూర్యాపేట, రూతమ్మ గారి రంగుచేపల దుకాణం. హాజరైనవారు: రూతమ్మ గారి మరిది కరుణాకర్, అతని భార్య లీల, దుకాణం గది యజమాని, చెరువులో చేపలు పట్టే సైదులు, నేను. వెనక గది సిమెంటు తొట్టిలో తొమ్మిది చేపలు.

ఆ రోజు నా డైరీలో మొదటి నాలుగు వరుసలు ఇవి. ఇవాళ చేపల తొట్టిలో నీళ్లు వడకట్టే స్పాంజిని బకెట్లో పిండుతుంటే వచ్చిన వాసన నన్ను ఆ పుట దాకా తీసుకెళ్లింది. బాగున్న తొట్టి స్పాంజి కుళ్లు వాసన వేయదు. కాలువ కట్టేసిన నాలుగైదు రోజులకు అడుగున మట్టి ఆరడం మొదలుపెట్టినప్పుడు వచ్చే వాసన వేస్తుంది. జీవితమంతా కాలువ గట్ల మీద నడిచినవాణ్ని, ఆ వాసన నాకు కొత్త కాదు. అది చేపల తొట్టికి కూడా మంచి గుర్తు అని చెప్పింది మాత్రం రూతమ్మ. ఆమెను ఎరగనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎరిగినవాళ్లు చాలామంది లేరు. ఉన్నవాళ్లు కూడా, "చేపల దుకాణం పెట్టుకుని చేపలు అమ్మనంటది, ఆ ముసలమ్మనా?" అని గుర్తుపడతారు.

నా గురించి కొంత చెప్పక తప్పదు. మిర్యాలగూడ వైపు కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా నా ఉద్యోగం మొదలైంది. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి తూము దగ్గర గేజి చూసి నీటిమట్టం పుస్తకంలో ఎక్కించాలి. నీళ్లున్నా లేకపోయినా ఎక్కించాలి. ఆ అలవాటే ఇంటికి వచ్చి డైరీ అయింది. ఎక్కడున్నాను, ఎవరెవరు హాజరయ్యారు, ఏం జరిగింది: ఆఫీసు సమావేశాల్లో రాసినట్టే రోజూ రాసేవాణ్ని. పెళ్లి చేసుకోలేదు. చెప్పుకోదగ్గ కారణం ఏమీ లేదు. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యేసరికి నాకు సంబంధాలు తెచ్చేవాళ్లు తేవడం మానేశారు, అంతే. కోదాడలో పదవీ విరమణ చేసిన రోజు ఆఫీసువాళ్లు శాలువా కప్పి, దండ వేసి, ఒక రెండడుగుల గాజు తొట్టి బహూకరించారు. అందులో నాలుగు బంగారు చేపలు. గాజుకు నోరు అతికించుకుని మచ్చల నల్లచేప ఒకటి.

"ఒక్కరే ఉంటరు గదా సార్, పొద్దుపోతది," అన్నాడు దాన్ని కొనుక్కొచ్చిన గుమాస్తా. "ఆ నల్లదాన్ని ట్యాంక్ క్లీనర్ అంటరు. అది ఉంటే మీరు చెయ్యి పెట్టే పని లేదు."

చెయ్యి పెట్టే పని లేదన్న మాట నాకు నచ్చలేదు. సూర్యాపేటలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని, ఆదివారాన్ని తొట్టికి కేటాయించాను. చేపల్ని గిన్నెలోకి తీసి, నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లను బ్లీచింగ్ పొడితో తోమి ఎండబెట్టి, స్పాంజిని నల్లా కింద తెల్లబడేదాకా పిండి, కొత్త నీళ్లు పట్టేవాణ్ని. పండగకు ఇత్తడి సామాను తోమినంత శ్రద్ధగా తోమేవాణ్ని. గాజు తళతళలాడేది, బంగారు చేపలు మాత్రం నిలిచేవి కావు. చచ్చినదాన్ని డైరీలో రాయడం, కొత్తదాన్ని తేవడం. నల్లచేప ఒక్కటే మొండిగా బతికింది. ఏడాదిన్నరలో జానెడు దాటిపోయింది. మళ్లితే తోక గాజుకు కొట్టుకునేది. ఒక రోజు దాన్ని మూత బకెట్లో పెట్టుకుని బస్సెక్కి, నేను పనిచేసిన కాలువ దగ్గరే దిగి, నీళ్లలో వదిలాను. డైరీలో ఇలా ఉంది: "చేపను కాలువలో విడిచితిని. సంతోషముగా వెళ్లినది. హాజరైనవారు: నేను."

నల్లచేప పోయాక గాజుకు పాచి పట్టడం మొదలైంది. ఇంకో క్లీనరు కోసం అడుగుతూ పోతే బస్టాండు వెనక సందులో, పంక్చర్ల దుకాణానికీ దర్జీ దుకాణానికీ మధ్య, రూతమ్మ దుకాణం చూపించారు. అరవై దాటిన మనిషి. కళ్లద్దాలకు నల్లతాడు. ఏ కాలమైనా మోచేతుల దాకా మడిచిన మగవాళ్ల స్వెట్టరు. అది పోయిన భర్తదని తర్వాత తెలిసింది. ఆయన లారీ డ్రైవరు. హైదరాబాదు నుంచి లారీ ముందు సీటులో చేపల సంచులు పెట్టుకొచ్చి సరదాగా మొదలుపెట్టిన దుకాణం అది. పిల్లలు లేరు.

"ట్యాంక్ క్లీనర్ చేప కావాలమ్మా," అన్నాను.

"ఎంత తొట్టి?"

"రెండడుగులు."

"ఇప్పుడెవలు కడుగుతున్నరు?"

"నేనే. ప్రతి ఆదివారం."

"కడిగెటోళ్లు మీరుండంగ మల్లొక క్లీనర్ ఎందుకు సారూ?"

నేను నిర్లక్ష్యపు మనిషిని కానని రుజువు చేయడానికి సంచిలోంచి డైరీ తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె అద్దాలు పైకి జరిపి, వేలు తడిచేసుకుంటూ, ఒక్కొక్క పుట చదవసాగింది. నా వెనక ఇంకో గిరాకీ వచ్చి నిలబడితే, "కూసో బిడ్డా, సారు కత పెద్దగున్నది," అంది. ఇరవై నిమిషాలు చదివింది. మధ్యలో ఒక పుట దగ్గర వేలు ఆగింది, ఆగి ముందుకు పోయింది. అది ఏ పుటో నేను చూడలేదు.

"ఇనుండ్రి, మీదే సదువుత," అంది. "ఆదివారం: తొట్టిని సంపూర్ణముగా శుభ్రపరచితిని. మంగళవారం: ఒక చేప మృతి. మల్ల ఆదివారం: సంపూర్ణముగా. బుధవారం: రెండు చేపలు మృతి. మల్ల ఆదివారం, మల్ల మంగళవారం." అద్దాలు దించింది. "మీ డైరీ చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నది సారూ. మీరే ఇంటలేరు."

వెనకున్న గిరాకీ నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి.

"రాసుడైతె మంచిగ రాసిన్రు. ఎన్నడన్న ఎనుకకు తిరిగి సదివిన్రా?"

చదవలేదు. గేజి పుస్తకం నింపేవాడి పని నింపడమే. చదవడం పైఅధికారుల పని. నా డైరీకి పైఅధికారి ఎవరూ లేరన్న సంగతి అన్నేళ్లకు ఆ దుకాణంలో, అపరిచితుల ముందు తట్టింది.

ఆ రోజు ఆమె నాకు చేపను అమ్మలేదు. తన తొట్టిలోంచి నల్లగా ఉన్న స్పాంజి తీసి, ఒక పాలిథిన్ సంచిలోకి పిండి, ముడివేసి చేతికిచ్చింది.

"ఇది తీస్కపోయి మీ తొట్టిల పొయ్యుండ్రి."

"మురికి నీళ్లు కదమ్మా."

"పాలు తోడెయ్యాల్నంటె ఏమేస్తరు? నిన్నటి పెరుగే గదా. కడిగిన గిన్నెల తోడు లేని పాలు ఎంతసేపు మూతపెట్టినా పాలే. దీంట్ల కండ్లకు కానరాని పురుగులుంటయ్. చేపలు ఏరిగిన ఇసం అవి తింటయ్. ఆదివారం ఆదివారం మీరు సంపుతున్నది వాటిని. అవి లేక ఇవి సస్తున్నయ్."

వారానికి పావు వంతు నీళ్లే మార్చాలి. నల్లా నీళ్లను ఒక రోజు బకెట్లో నిలవ ఉంచి పోయాలి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. ఇవన్నీ చెప్పి, నెల రోజుల తర్వాత రమ్మంది. నెల గడిచింది. డైరీలో మృతి అన్న మాట లేని నెల అదే మొదటిది. దాన్ని చూపించడానికి ఒక బుధవారం వెళ్లాను. ఆ తర్వాత ఏ పనీ లేకపోయినా ప్రతి బుధవారం వెళ్లాను. ఆమె దుకాణంలో ఉన్న ఒకే ఒక స్టూలు ఆ రోజు ఖాళీగా ఉండేది. నా కోసం ఖాళీగా ఉంచిందని నేను అనుకునేవాణ్ని. గిరాకీ లేక ఖాళీగా ఉండేదని ఆమె అనేది.

ఆ స్టూలు మీద కూర్చుని నేను చూసిన వ్యాపారం లోకంలో ఇంకెక్కడా చూడలేదు. క్లీనరు కావాలని వచ్చినవాళ్లను ఆమె మొదట అడిగే ప్రశ్న, "పాచి ఏ దిక్కు గాజుకు పట్టింది?" అని. కిటికీ వైపు గాజుకే అంటే, "అయితె చేపెందుకు, తొట్టిని గోడ పక్కకు జరుపుండ్రి," అని పంపేసేది. అడుగున మెతుకులు మిగులుతున్నాయంటే, "ఏసుడు తక్కువ చెయ్యుండ్రి," అనేది. ఇవన్నీ అయ్యాక కూడా నిలబడ్డవాళ్లకే అమ్మేది. గాజు మీది పాచి గీకడానికి గుండ్రటి చిన్న నత్తలు, అదీ రెండే, ఎందుకంటే పిల్లలు పెట్టి అవే తొట్టి నిండుతాయి. ఆకుల మీది సన్నటి జిగురుకు వేలి గోరంత రొయ్యలు, అదీ వాటిని మింగే పెద్ద చేపలు లేకపోతేనే. అడుగున మిగిలింది ఏరుకోవడానికి మీసాల చేపలు.

"గాజుకు పట్టిన పాచి తినేది ఉంటది, మిగిలిన మెతుకులు తినేది ఉంటది," అనేది. "అందరి మురికి తీసెటి చేపను మాత్రం దేవుడు సెయ్యలే. దానికి మనిషికి చెయ్యి ఇచ్చిండు."

నాకూ మీసాల చేపలు ముద్దొచ్చాయి. రెండు వేళ్ల మందం చేపలు, ముక్కుతో ఇసుకను తడుముకుంటూ పోతాయి. ఒకటి ఇమ్మన్నాను.

"ఒక్కదాన్నియ్య," అంది.

"నా తొట్టికి ఒకటి చాలమ్మా."

"తొట్టికి సాలుతది. దానికి సాలదు. ఒక్కటుంటె మేత ముట్టది, మూలకు కూసుంటది. అయిదారు ఉంటెనే అది చేప లెక్క తిరుగుతది. ఆరు కొంటరా, లేకుంటె ఊకుంటరా?"

ఆరు కొన్నాను. ఇంటికి తెచ్చి వదిలితే ఆరూ ఒక వరుసగా అడుగంతా గాలించి, ఒకే రాయి పక్కన పడుకున్నాయి. నేను కుర్చీ లాక్కుని చాలాసేపు చూశాను. ఆ రోజు డైరీలో ఏమీ రాయాలనిపించలేదు. బదులుగా పాత డైరీలు అన్నీ దించి చదవడం మొదలుపెట్టాను. చదవడానికి మూడు నెలలు పట్టింది. మిర్యాలగూడలో ఉన్నప్పుడు హాజరైనవారి పేర్లు ఒక్కో రోజుకు పది, పన్నెండు. కోదాడకు వచ్చేసరికి నాలుగు, ఐదు. పదవీ విరమణ తర్వాత పుటలు పుటలుగా ఒకటే పేరు, నాది. మధ్యలో ఎవరెవరు ఎలా తగ్గారో కూడా అందులోనే ఉంది. ఒకరు లెక్క తప్పు రాశారని మాట్లాడటం మానేశాను. ఒకరు ఇంటికి పిలిస్తే చెప్పిన టైముకు భోజనం పెట్టలేదని మళ్లీ వెళ్లలేదు. ఇవన్నీ నా చేతిరాతలోనే, గీత గీసినట్టు ఉన్నాయి. బుధవారం ఈ సంగతి రూతమ్మకు చెప్పాను. ఆమె ఓదార్చలేదు. వల ఆరబెడుతూ, "ఇయ్యాల్టి దాంట్ల నా పేరు రాసుకోండ్రి," అంది. రాసుకున్నాను.

ఒక వర్షాకాలం, చెరువు నిండిన తర్వాతి బుధవారం, సైదులు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, చెరువులో చేపలు పట్టి బతికేవాడు. భుజం మీద చిరిగిన వల, చేతిలో గోనెసంచి. ఏమీ మాట్లాడకుండా సంచిని దుకాణం మధ్యలో బోర్లించాడు. ఏడు నల్లచేపలు. ఒక్కొక్కటి మూరెడు. ఒంటి మీద కవచంలా గట్టి పొలుసు, రెక్కల దగ్గర ముళ్లు. నేలమీద పడి కూడా గురగురమని చప్పుడు చేస్తున్నాయి.

"గివి నీ దుకాణంల చేపలేనా అక్కా?"

రూతమ్మ వంగి చూసింది. "నాయే."

"వల ఏస్తె మొత్తం ఇవే. ముండ్లు ఇరికి వల సింపుడే గని కూరకు పనికిరావు. మా కొర్రమట్టలు, జెల్లలు పెట్టిన గుడ్లు ఇవే నాకుతున్నయ్. కట్టకు బొక్కలు బొక్కలు తవ్వినయ్. ఎవలేసిన్రో ఎర్కనా? మా ఈదిలాయన ఏసిండు. అడిగితె, పసుపు కుంకుమ పెట్టి గంగమ్మకు ఒప్పజెప్పిన అంటడు. ఈడ కాలేజి పోరలు పరీక్షలైనంక రూము ఖాళీ చేసుకుంట ఏసిపోతరంట. సంపుడు పాపమని అందరు పుణ్యం చేసిన్రు. ఆ పుణ్యానికి నా వల పోయింది."

"ఏసినోళ్లది తప్పు కాదు సైదులు," అంది రూతమ్మ. "ఇంతింత పిల్లలప్పుడు క్లీనరని చెప్పి అమ్మింది మేమే. పెద్దగయినంక ఏం జెయ్యాల్నో నేనొక్కలకు గూడ చెప్పలే."

నేను స్టూలు మీద కూర్చునే ఉన్నాను. నా సంచిలో డైరీ ఉంది. సంతోషముగా వెళ్లినది అన్న మాట ఇంట్లో ఉన్న పాత సంపుటంలో ఉంది. సంచిని స్టూలు కిందికి జరిపాను.

ఆ రోజు నుంచి ఆమె ఆ చేపను అమ్మడం మానేసింది. ఒక రేకు మీద తెల్లరంగుతో తానే రాసి బయట వేలాడదీసింది: "పెద్దగయిన క్లీనరు చేపను చెరువుల, కాలువల ఎయ్యొద్దు. నాకు ఇయ్యుండ్రి." వెనక గదిలో సిమెంటు తొట్టి కట్టించింది. మిర్యాలగూడ నుంచి, కోదాడ నుంచి, తిరుమలగిరి నుంచి బకెట్లు వచ్చేవి. ఎవరినీ ఒక్క మాట అనేది కాదు. పేరు అడిగేది, నీళ్లు ఇచ్చేది, చేపను తీసుకునేది. సొరకాయ ముక్కలు కోసి వేసేది. అలా కొన్ని బుధవారాలు గడిచాక నేను ఇక ఉండబట్టలేక చెప్పాను.

"రూతమ్మా, నేను కూడా ఒకదాన్ని కాలువలో వదిలాను."

"తెలుసు సారూ."

"ఎలా?"

"మొదటి దినం డైరీ సదివిన గదా. సంతోషంగ పోయిందని రాసిన్రు."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

ఆమె సొరకాయ కోస్తూనే ఉంది. "అంటె మీరు మల్ల ఒస్తురా?"

నేను వచ్చి ఉండేవాణ్ని కాదు. నా డైరీలే దానికి సాక్ష్యం. ఆ రోజు ఆమెకు అది ఎలా తెలిసిందో, ఇరవై నిమిషాల్లో నా అక్షరాల్లో ఏం చదివిందో, నేను ఎప్పుడూ అడగలేదు. నాలాంటి మనిషి మళ్లీ రావడం ఆమెకు ఎందుకు కావలసి వచ్చిందో కూడా అడగలేదు. ఆమె దుకాణంలో పొద్దంతా మోటార్ల బుడబుడ తప్ప మరో చప్పుడు ఉండదని అప్పటికే నాకు తెలుసు.

ఏడేళ్లు అలా నడిచింది. వచ్చిన చేపల్లో చచ్చినవి పోను చివరికి తొమ్మిది మిగిలాయి. చివరి ఏడాది ఆమెకు కాళ్లు వాచాయి. మూత్రపిండాలు పనిచేయడం లేదన్నారు. వారానికి రెండు రోజులు దవాఖాన. ఆ రోజుల్లో తొట్టెల పని నేను చూసేవాణ్ని. జనవరి చివర ఒక బుధవారం దవాఖాన మంచం పక్కన కూర్చుంటే, ఆమె నా వైపు తిరిగింది.

"నా మరిది మంచోడే. గని పని తొందరగ అయిపోవాల్నని సూస్తడు. నేను పోయినంక ఆ తొమ్మిదింటిని చెరువుల ఒంపుతడు. జర అది కానియ్యకుండ్రి సారూ."

నేను, "చూద్దాం," అన్నాను. అర్జీ పట్టుకుని వచ్చిన రైతులతో ఎన్నో ఏళ్లుగా అన్న మాట అది. తొమ్మిది పెద్ద చేపలు, వాటి మేత, వాటి నీళ్లు, బకెట్లతో వచ్చే మనుషులు, ఇవన్నీ ఒక్కసారి కళ్ల ముందు కదిలి ఆ మాట వచ్చేసింది. ఆమె కొంచెం నవ్వింది.

"గవర్నమెంటోళ్ల చూద్దాం ఎట్లుంటదో నాకెర్కలేదా," అని కళ్లు మూసుకుంది. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. ఎనిమిది రోజులకు చనిపోయింది. చర్చిలో పోయినవాళ్ల కోసం పెట్టే ఆదరణ కూడిక రోజు నేను చివరి బెంచీ మీద కూర్చున్నాను. ఆమె మంచి గురించి చాలామంది చెప్పారు. చేపల గురించి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాణ్ని నేనే, లేవలేదు.

ఇక ఆ ఆదివారం. గది ఖాళీ చేసి తాళాలు ఇవ్వాలని యజమాని తొందరపెట్టాడు. నేను వెళ్లేసరికి గాజు తొట్టెలు అన్నీ పోయాయి. గోడలకు తెల్ల చారలు మిగిలాయి. కరుణాకర్ ట్రాలీ ఆటో సందులో పెట్టి, రెండు నీలం డ్రమ్ముల్లోకి వెనక తొట్టి నీళ్లు తోడుతున్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"చెరువుకు సారూ. మా వదిన చేతుల పెరిగినయ్. సల్లగ నీళ్లల్ల ఇడుస్తె దీవెన."

ఇలా జరుగుతుందనే నేను సైదులును రమ్మన్నాను. నా ఒక్కడి మాట సరిపోదనుకున్నాను. సైదులు గుమ్మంలో నిలబడి అన్నాడు: "చెరువుల ఏస్తె ఆటోకు అడ్డం పండుకుంట. ఆమె ఏడేండ్లు ఆపింది, నువ్వు ఒక్క పొద్దుల ఒంపుతవా? నాకియ్యి. గట్టు మీద ఏస్త, ఎండకు సస్తయ్."

"అమ్మో, అట్లెట్ల," అంది లీల. "అక్క పేర్లు పెట్టి పిలిచేది వాటిని."

పేర్లు పెట్టిన సంగతి నాకు తెలియదు. ఏడేళ్ల బుధవారాల్లో ఆమె నా ముందు వాటిని ఎప్పుడూ పేరుతో పిలవలేదు. ఎవరూ లేనప్పుడు పిలిచేదన్నమాట. యజమాని గడియారం చూసుకున్నాడు. కరుణాకర్ బకెట్ కింద పెట్టి, అయితే ఏం చేయాలో చెప్పమన్నట్టు అందరి వైపూ చూశాడు.

"నేను తీసుకెళ్తాను," అన్నాను. "మా ఇంటి వెనక హౌజు ఉంది. నీళ్లు నిలవ చేసే పెద్ద సిమెంటు హౌజు. నేను వాడటం లేదు."

కరుణాకర్ చెడ్డవాడు కాదు, న్యాయమైన మాటే అడిగాడు. "మీకు డెబ్బై దగ్గరికొచ్చినయ్ సారూ. ఇవి ఇంకో పదేండ్లు బతుకుతయంటరు. మీ తర్వాత?"

డైరీలో ఆ చోట ఒక గీత మాత్రం ఉంది. జవాబు సైదులు చెప్పాడు.

"సారు తర్వాత నాకు ఫోన్ జెయ్యుండ్రి. నేనొచ్చి సంపుత. నాకు వీటి మీద దయ లేదు, సంపేకాడ చెయ్యి వణకది. సారు ఉన్నన్ని దినాలు సారు సూస్కోని. గంతే కదా."

అంత సూటిగా నా చావు గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు అది బరువుగా అనిపించలేదు. ఒకరి తర్వాత ఆ పని ఎవరు అందుకుంటారో రాసిపెట్టినట్టు, మనసు కుదుటపడింది. తొమ్మిదింటినీ పాత నీళ్లతోనే డ్రమ్ముల్లో పెట్టాం. సైదులు చేతులకు గోనె చుట్టుకుని ఎత్తాడు. దయ లేదన్నవాడు ఒక్కదాన్నీ నేలకు తగలనివ్వలేదు. స్పాంజులన్నీ నేను తడి ఆరకుండా సంచిలో వేసుకున్నాను. బయలుదేరేటప్పుడు కరుణాకర్ రేకును విప్పి ఆటోలో వేయబోతే వద్దన్నాను. బోర్డు పెట్టుకుని మనుషుల్ని పిలిచే ఓపిక నాకు లేదన్నాను. అతను సరేనన్నాడు. కానీ రేపు ఎవరైనా బకెట్ పట్టుకుని వస్తే తన ప్రాణానికి వస్తుందనుకున్నాడేమో, మూసిన షట్టరు మీద సుద్దముక్కతో ఇంత పెద్ద అక్షరాలతో రాశాడు: "చేపలు తీసుకునే కాలువ సారు," దాని కింద మా వీధి పేరు.

ఇంటికి వచ్చి హౌజులో స్పాంజులు పెట్టి, మోటారు తగిలించి, ఒక్కొక్కదాన్ని వదిలాం. అవి అడుగుకు పోయి కదలకుండా ఉండిపోయాయి. వాటి పేర్లు నాకు తెలియవు. లీలను అడగాలని డైరీలో రాసుకున్నాను.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు గేటు చప్పుడైంది. నలభై ఏళ్ల ఆడమనిషి. చేతిలో మూతకు బొక్కలు పెట్టిన పెయింటు డబ్బా. మాడుగులపల్లి నుంచి మిర్యాలగూడ వచ్చి, అక్కడ బస్సు మారి వచ్చిందట. డబ్బాను ఒళ్లో పెట్టుకుని వచ్చినందుకు చీరంతా తడిసింది.

"దుకాణం బంద్ ఉన్నది. షట్టరు మీద సూసి ఒచ్చిన," అంది. "మీరేనా సార్, కాలువ సారు?"

"నేనే."

"తీసుకుంటరా? మా ఆయన బాయిల ఎయ్యమన్నడు. నాకు మనసొప్పలే."

మూత తీసి చూశాను. జానెడున్నర ఉంది. తోక ఒక పక్కకు వంగిపోయి ఉంది, చిన్న తొట్టిలో పెరిగినందుకు. బస్సు మారి ఇంత దూరం మోసుకొచ్చిన మనిషిని గేటు దగ్గర నిలబెట్టి, ఇంత చిన్న తొట్టిలో ఎందుకు పెంచావని అడగబోయాను. నా అలవాటు అది. అడగలేదు.

"నీ పేరేంటమ్మా?" అన్నాను.

"నాగమణి."

ఇద్దరం ఇంటి వెనక్కి నడిచాం. ఆమె డబ్బా వంచింది, చేప హౌజులోకి జారింది. ఆమె గట్టు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది.

"జరసేపు సూసి పోత సార్," అంది. "నాలుగేండ్లాయె ఇంట్ల ఉండబట్టి."

"చూడు, తొందరేం లేదు," అన్నాను. ఉన్న ఒక్క కుర్చీని హౌజు దగ్గర వేసి, లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించాను. పాలు ఒక్కరికి సరిపడానే ఉన్నాయి. ఇంకో గ్లాసు నీళ్లు పోసి, టీ పెట్టాను.